ప్రార్థించడం ఆపి, ఒప్పించడం నేర్పుదాం

మీ ఇంట్లో ఎనిమిదో, తొమ్మిదో తరగతి చదివే పిల్లలుంటే ఈ ఆదివారం వాళ్ళ తెలుగు నోటుబుక్కు ఒకసారి తిరగేయండి. ‘సెల్‌ఫోన్ వల్ల లాభాలు - నష్టాలు’ అనే వ్యాసం దొరికే అవకాశం చాలా ఎక్కువ. సెల్‌ఫోన్ కాకపోతే టీవీ, అదీ కాకపోతే ఇంటర్నెట్. ముందు ఉపోద్ఘాతం, తర్వాత నాలుగు లాభాలు, నాలుగు నష్టాలు, చివర్లో ‘ఏదైనా మితంగా వాడితే మేలు’ అని ముగింపు. క్లాసులో నలభై మంది ఉంటే నలభై నోటుబుక్కుల్లోనూ అదే ముగింపు. అది చదివి ఒక్క మనిషైనా తన మనసు మార్చుకున్నాడా? ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఎవరి మనసో మార్చడానికి రాసింది కాదు కదా, మార్కులకి రాసింది!

ఇప్పుడు అదే పిల్లాడు సాయంత్రం వాళ్ళమ్మ దగ్గర ఎలా మాట్లాడతాడో వినండి.

“స్కూల్లో టూర్‌కి తీసుకెళ్తున్నారమ్మా. ఆరొందలే. పోయినేడు అక్కని పంపావు కదా. ఇద్దరు సార్లు, ఒక మేడం కూడా వస్తున్నారు. పొద్దున వెళ్ళి రాత్రికల్లా వచ్చేస్తాం. కావాలంటే పుట్టినరోజుకి కొత్త డ్రెస్సు వద్దులే.”

చూశారా? ఏం కావాలో ఒక్క ముక్కలో చెప్పాడు. ఖర్చు చెప్పాడు. ఇంట్లోనే జరిగిన పాత ఉదాహరణ తెచ్చాడు. అమ్మ మనసులో ఉన్న భయానికి ఆమె అడగకముందే జవాబిచ్చాడు. చివర్లో తన వంతుగా ఒకటి వదులుకున్నాడు. అనుభవమున్న లాయరు కూడా ఇంతకంటే ఏం చేస్తాడు?

నోట్లో ఇంత తెలివున్న పిల్లాడు కలం పట్టుకోగానే ‘మితంగా వాడితే మేలు’ దగ్గర ఎందుకు ఆగిపోతున్నాడు? ఈ వారం కబుర్లు దాని గురించే.

ఉద్యోగంలో కనిపించిన కొరత

వారమంతా కోడ్ రాసుకునే నాకు ఈ గొడవ ఎందుకంటారా? మా ఉద్యోగాల్లో బయటివాళ్ళకు పెద్దగా తెలియని సంగతి ఒకటుంది. పెద్ద పని ఏదైనా మొదలుపెట్టే ముందు ‘డిజైన్ డాక్యుమెంట్’ అని ఒకటి రాస్తాం. ఫలానా సమస్య ఉంది, దాన్ని ఇలా పరిష్కరిద్దాం, ఇంకో రెండు దారులు కూడా చూశాం, అవి ఎందుకు వద్దనుకున్నామంటే... ఇలా సాగుతుంది. టీమ్‌లో వాళ్ళు చదివి, పక్కనే ప్రశ్నలు పెడతారు. వాటికి జవాబు చెప్పలేకపోతే ఎంత గొప్ప ఆలోచనైనా అక్కడితో సరి. అమెజాన్‌లో అయితే 2004 నుంచి పెద్ద మీటింగుల్లో పవర్‌పాయింట్ మాన్పించేశారు. ఆరు పేజీల వరకూ వాక్యాల్లో రాసుకు రావాలి. మీటింగు మొదట్లో అందరూ దాన్ని మౌనంగా చదవాలి. మాట్లాడ్డం ఆ తర్వాతే.

మరి మనం ఈ పని ఎక్కడ నేర్చుకుంటున్నాం? ఇంజినీరింగ్ నాలుగేళ్ళూ మనచేత ఎక్కువగా రాయించేది ల్యాబ్ రికార్డు. ఎయిమ్, అపారటస్, ప్రొసీజర్, రిజల్ట్. అందులో ఎవరినీ ఒప్పించే పని లేదు. అమెరికా వెళ్ళాలనుకునేవాళ్ళకి మొదటిసారిగా జీఆర్‌ఈలో ఆ అవసరం వస్తుంది. ఒకప్పుడు అందులో రెండు వ్యాసాలుండేవి. ఒకదాంట్లో మన అభిప్రాయాన్ని నిలబెట్టుకోవాలి, రెండోదాంట్లో ఎదుటివాడి వాదనలో కన్నాలు పట్టుకోవాలి. 2023 సెప్టెంబరు నుంచి ఆ రెండోది తీసేశారు. 30 నిమిషాల్లో రాయాల్సిన మొదటిది మాత్రం మిగిలింది. దానికీ కోచింగుల్లో అచ్చులు పోసి ఇస్తారు. ఖాళీలు నింపుకోవడమే.

స్కూళ్ళలో ప్రయత్నం జరగలేదని అనను. పదో తరగతి తెలుగు పరీక్షలో లేఖ, కరపత్రం, సంభాషణ రాయమని అడుగుతున్నారు. ఆలోచన చాలా మంచిది. కానీ ఏడాది తిరక్కుండానే వాటికీ గైడ్లు వచ్చేశాయి. ‘పర్యావరణంపై కరపత్రం’ కూడా బట్టీ పట్టే పద్యంలా తయారైంది.

అందుకని కొన్నాళ్ళుగా శనివారాలు హైదరాబాద్‌కి గంట దూరంలో ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూల్‌కి వెళ్తున్నాను. తొమ్మిదో తరగతి పిల్లలు ముప్ఫై ఎనిమిది మంది. మాది ఒకటే పని. నిజంగా కావాల్సినదాని గురించి, నిజంగా ఇవ్వగలిగిన మనిషికి రాయడం.

బీరువా తాళం కథ

మొదట ఏం కావాలో పిల్లల్నే అడిగాను. చాలా వచ్చాయి. చివరికి అందరూ ఒకదాని మీద నిలబడ్డారు. స్కూల్లో రెండు బీరువాల నిండా కథల పుస్తకాలున్నాయి. అద్దంలోంచి కనిపిస్తాయి, కానీ తాళం ఉంటుంది. ఆ పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళనివ్వాలి. ఇవ్వగలిగిన మనిషి హెడ్మాస్టరు గారు.

మొదటి లేఖలు ఇలా ఉన్నాయి: ‘మహారాజశ్రీ ప్రధానోపాధ్యాయులు గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, పుస్తకములు చదువుట వలన విజ్ఞానము పెరుగును. పుస్తకము మంచి మిత్రుడు వంటిది. కావున దయతో గ్రంథాలయము తెరిపించవలసిందిగా ప్రార్థించుచున్నాము.’

నేనొక ప్రశ్న అడిగాను. “పుస్తకాలు చదివితే మంచిదని హెడ్మాస్టరు గారికి తెలియదా?”

క్లాసంతా నవ్వింది. తెలుసు. ఆయనే కదా రోజూ ప్రేయర్‌లో చెప్పేది! మరి ఆయన ముందే ఒప్పుకున్న సంగతికి మూడు వాక్యాలు ఖర్చుపెట్టి, తాళం ఎందుకు వేశారన్నదాని గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదెందుకు?

ఒప్పించే రాతలో నాకు తెలిసిన మొదటి సూత్రం ఇదే. ఇద్దరికీ తేడా ఎక్కడుందో అక్కడ రాయాలి. తేడా లేనిచోట ఎంత రాసినా అది అలంకారమే.

తర్వాత ‘కాదు ఆట’ పెట్టాం. క్లాసులో సగం మంది అడుగుతారు, సగం మంది హెడ్మాస్టర్లు. హెడ్మాస్టర్ల పని ‘కాదు’ అనడమే. కాకపోతే ‘ఎందుకంటే’ అని కారణం చెప్పాలి. పిల్లలకి ఇంత ఇష్టమైన ఆట నేనింకోటి చూడలేదు. జీవితంలో మొదటిసారి వాళ్ళు ‘కాదు’ అనే కుర్చీలో కూర్చున్నారు మరి. చింపేస్తారు, పోగొడతారు, పాఠాలు మానేసి కథలు చదువుతారు, అల్లరి చేస్తారు... బోర్డు నిండిపోయింది.

ఇందులో ఆయన అసలు కారణం ఏది? ఊహించడం ఎందుకు, వెళ్ళి అడగమన్నాను. ఇద్దరు వెళ్ళొచ్చారు. ఆయన చెప్పింది మా బోర్డు మీద లేనే లేదు. ఆ పుస్తకాలన్నీ స్టాకు రిజిస్టరులో ఆయన సంతకం కింద ఉన్నాయి. రేపు బదిలీ అయితే లెక్క ప్రకారం అప్పజెప్పాలి. తగ్గితే జవాబు చెప్పాల్సింది ఆయనే.

ఆ ఒక్క సమాధానంతో లేఖ మొత్తం మారిపోయింది. ఇప్పుడు పుస్తకాల గొప్పతనం అక్కర్లేదు. లెక్క తప్పదని చూపించాలి. రెండో విడత రాతలో పిల్లలు బీరువా మొత్తం అడగలేదు. నలభై పుస్తకాలు, ఒక్క తరగతికి, ఒక్క నెల అడిగారు. తరగతిలో ఇద్దరు రిజిస్టరు రాస్తారు. ఒకరికి ఒక పుస్తకమే. సోమవారం తిరిగిస్తేనే ఇంకోటి. పోతే అదే పుస్తకం తరగతంతా డబ్బులేసుకుని కొనిస్తుంది. వీటన్నిటికంటే బలమైన మాట ఒకమ్మాయి రాసింది: ‘పీఈటీ సార్ మాకు వాలీబాల్, నెట్టు నోటుబుక్కులో సంతకం పెట్టించుకుని ఇస్తున్నారు. రెండేళ్ళలో ఒక్కటి కూడా పోలేదు.’

హెడ్మాస్టరు గారు చదివి ఒక ప్రశ్న వేశారు. “సెలవుల్లో ఊళ్ళకి పోతే పుస్తకం ఎవరి దగ్గరుంటది?” పిల్లలు తిరిగొచ్చి రెండు వాక్యాలు చేర్చారు. సెలవులకి ముందురోజే పుస్తకాలన్నీ బీరువాలోకి వచ్చేస్తాయని. ఆయన నలభై ఇవ్వలేదు, ముప్ఫై ఇచ్చారు. నెల తిరిగేసరికి ఒకటి కనబడలేదు. వారం వెతికితే ఒకళ్ళింట్లో తమ్ముడి స్కూలు బ్యాగులో దొరికింది!

నాకు ముప్ఫై పుస్తకాలకంటే ఆయన అడిగిన ఆ ప్రశ్న ఎక్కువ నచ్చింది. ‘ప్రార్థించుచున్నాము’ అని రాస్తే ‘సరే చూద్దాం’ అని పక్కన పెట్టొచ్చు. కారణాలతో రాసినదాన్ని అలా పక్కన పెట్టడం కష్టం. చదివినవాళ్ళు తిరిగి ఏదో ఒకటి అడగాల్సి వస్తుంది. రాత పనిచేసిందా లేదా అనడానికి అదే గుర్తు.

వంటింటి పొగ

ఇదంతా విదేశీ పద్ధతి అనుకునేవాళ్ళకి ఒక మాట. ఇంగ్లిష్ రచన పాఠాల్లో స్టీఫెన్ టూల్మిన్ పేరు తరచుగా వినిపిస్తుంది. 1958లో వచ్చిన తన పుస్తకంలో ఆయన వాదనని విడగొట్టి చూపించాడు. మనం చెప్పే మాట ఒకటి, దానికి ఆధారం ఒకటి, ఆ ఆధారం ఈ మాటకి ఎలా సరిపోతుందో చెప్పే లంకె ఒకటి. మన దగ్గర న్యాయశాస్త్రం వాళ్ళు అంతకంటే ఎన్నో శతాబ్దాల ముందే ఐదు మెట్లు చెప్పారు. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది. ఎందుకంటే పొగ వస్తోంది. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో చూడండి. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది. కాబట్టి నిప్పుంది.

ఇందులో నాకు ముచ్చటేసేది వంటింటి ఉదాహరణ. ఉదాహరణ అంటే మామూలు మనిషీ, పండితుడూ ఇద్దరూ కాదనలేనిది అయ్యుండాలని వాళ్ళు నియమం పెట్టుకున్నారు. వాలీబాల్ నోటుబుక్కు అలాంటిదే. ఆ స్కూల్లోనే జరుగుతోంది, హెడ్మాస్టరు గారికీ తెలుసు. ఆ అమ్మాయికి న్యాయశాస్త్రం పేరు కూడా తెలియదు, కానీ వంటింటి పొగని సరిగ్గా పట్టుకుంది.

వాళ్ళు చర్చల్ని మూడు రకాలుగా కూడా విడదీశారు. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనదంటూ ఏ మాటా నిలబెట్టకుండా ఎదుటివాడిని కొట్టిపారేయడమే పనిగా పెట్టుకునేది వితండం. మూడోదాన్ని మనం ‘వితండవాదం’ అని ఇప్పటికీ తిడుతూనే ఉంటాం. విచిత్రం ఏంటంటే మొదటిది కూడా మన ఇళ్ళల్లో తిట్టే అయిపోయింది. ‘నాతో వాదించకు’, ‘ఎదురు చెప్పకు’, ‘నోరు లేస్తోంది ఈ మధ్య’. వాదానికీ వితండానికీ తేడా చెప్పకుండా రెండింటినీ కలిపి నోరు మూయిస్తే, పెద్దయ్యాక పిల్లలకి వచ్చేది మూడోదే. రాత్రి ఎనిమిది గంటలకి ఏ న్యూస్ ఛానల్ పెట్టినా కనిపిస్తుంది.

భాష గొడవ ఊరికే రాలేదు

ఇంకో సంగతి గమనించారా? పిల్లల మొదటి లేఖ గ్రాంథికంలో ఉంది. ‘వ్రాయునది ఏమనగా’ అన్న క్షణం నుంచి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ భాషలో ప్రార్థించడం వస్తుంది కానీ, బేరమాడటం రాదు. అందుకే ఇప్పుడు మేం ముందు మాట్లాడతాం, ఫోన్‌లో రికార్డు చేస్తాం, విని ఆ మాటల్నే రాస్తాం, ఆ తర్వాతే దిద్దుకుంటాం.

పిల్లలు ఏ తెలుగులో రాయాలన్న గొడవకి నూరేళ్ళు దాటాయి. మద్రాసు విశ్వవిద్యాలయం కాలంలో విద్యార్థులు రాసే తెలుగు వ్యాసం ఏ భాషలో ఉండాలని ఉపసంఘం వేశారు. దాని నివేదికతో విభేదిస్తూ గురజాడ అప్పారావు గారు 1914లో సమర్పించిందే ‘మినిట్ ఆఫ్ డిసెంట్’. నాకు నచ్చదు అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా, కారణాలన్నీ పేర్చి రాసిన అసమ్మతి అది. గిడుగు రామమూర్తి గారు ఇంకో అడుగు ముందుకేశారు. వ్యావహారికం తప్పన్న పండితులకి వాళ్ళు గౌరవించే పాత గ్రంథాల నుంచే ప్రయోగాలు ఏరి చూపించారు. ఎదుటివాడు కాదనలేని చోటు నుంచి ఆధారం తేవడమంటే అదే.

వెంటనే గెలిచారా? లేదు. గురజాడ 1915లోనే కన్నుమూశారు. గెలుపు ఆయన చూడలేదు. కానీ మీరిప్పుడు చదువుతున్న ఈ వాక్యం ఏ తెలుగులో ఉందో చూసుకోండి. మంచి వాదన ఒక్కోసారి రాసినవాడి తర్వాత కూడా పని చేస్తూనే ఉంటుంది.

నాన్నకి రాయొచ్చా?

బీరువా కథ అయ్యాక ఒకమ్మాయి క్లాసు అయిపోయేదాకా ఆగి అడిగింది. “అన్నా, హెడ్మాస్టర్ సార్‌కే రాయాల్నా? మా నాన్నకి రాయొచ్చా?”

సంగతేమిటంటే, పదో తరగతి తర్వాత చదువు చాలని ఇంట్లో అనుకుంటున్నారు. ఊళ్ళో ఇంటర్ కాలేజీ లేదు.

ముందుగా ఆమె రాసుకొచ్చింది ‘ఆడపిల్లలకి చదువు ముఖ్యం’ అనే పేరా. నాన్న దాన్ని కాదనడు, టీవీలో రోజూ వింటూనే ఉన్నాడు. మళ్ళీ అదే ప్రశ్న దగ్గరికొచ్చాం. నాన్న అసలు కారణం ఏంటి? వారం రోజులు ఆ పిల్ల ఇంట్లో మాటల్ని చెవులు రిక్కించి వింది. డబ్బు సంగతి రెండో కారణమట. మొదటిది, సాయంత్రం చీకటి పడ్డాక బస్సు దిగి మెయిన్ రోడ్డు నుంచి ఊళ్ళోకి నడిచి రావాలి. పోయినేడు అక్కడేదో గొడవ జరిగింది. ఆయన ఆ మాట కూతురితో ఎప్పుడూ అనలేదు, పక్కింటాయనతో అన్నాడు.

రెండో కాగితం చిన్నది. ప్రభుత్వ గురుకుల జూనియర్ కాలేజీల్లో చదువుతో పాటు ఉండటానికి, తినడానికి కూడా పైసా అక్కర్లేదు. రోజూ బస్సు దిగే పనే లేదు. పక్క వీధి అక్క ఒకామె అలాంటి చోటే చదువుతోంది, సెలవుల్లో వస్తే ఆమెతో, వాళ్ళమ్మతో మాట్లాడొచ్చు. సీటు రాకపోతే ఏం చేయాలో అప్పుడు ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం నాన్నా. ఇంతే రాసింది.

ఆ కాగితం ఆమె నాన్నకి ఇవ్వలేదు. రాసుకున్న వరుసలోనే, అన్నం తినేటప్పుడు చెప్పిందట. “నాన్న ఏమన్నాడు?” అనడిగాను. “చూద్దాం అన్నడు” అంది. ఆ తర్వాత ఆమే అంది, “అంతకుముందు వద్దు అనేటోడు.”

‘వద్దు’కీ ‘చూద్దాం’కీ మధ్య దూరం ఎంతో మన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళందరికీ తెలుసు. వచ్చే వేసవికి ఏమవుతుందో నేను చెప్పలేను. డబ్బు లేని, వయసు లేని, హోదా లేని మనిషికి తన జీవితం గురించి మాట చెల్లించుకోవడానికి ఉన్న సాధనాలు తక్కువ. అందులో ఇదొకటి. దీన్ని నేర్పకపోవడం చిన్న లోపం కాదు.

మెషీన్ రాస్తుంది కదా?

“ఇప్పుడు చాట్‌జీపీటీ రాసిస్తుంది కదా బాస్, ఇదంతా ఎందుకు?” అని మా ఆఫీసులోనే అడిగారు. రాసిస్తుంది, మన పిల్లలకంటే నున్నగా రాస్తుంది. ‘పుస్తక పఠనం వల్ల ప్రయోజనాలు’ అని పది పాయింట్లు ఇస్తుంది. కానీ హెడ్మాస్టరు గారి సంతకం స్టాకు రిజిస్టరులో ఉందని దానికెవరు చెప్తారు? నాన్న పక్కింటాయనతో అన్న మాట దానికెలా తెలుస్తుంది? వెళ్ళి అడగాలి, కూర్చుని వినాలి. వాదనలో అసలు కష్టం అదే. అది చేశాక వాక్యాలు కాస్త వంకరగా ఉన్నా పర్లేదు.

టీచర్లకి ఇంకో భయం ఉంది. నలభై లేఖలు ఎవరు దిద్దుతారని. మేం మార్కులు వేయడం మానేశాం. ఒకరి లేఖ ఇంకొకరికి ఇస్తాం. చదివినవాళ్ళు ఆ హెడ్మాస్టరో, ఆ నాన్నో అయిపోయి కింద రెండు వాక్యాల్లో ‘కాదు, ఎందుకంటే...’ అని రాయాలి. ఆ ‘కాదు’కి జవాబు చేర్చి మళ్ళీ రాయాలి. అక్షరదోషాలు చివర్లో చూస్తాం. మొదట్లోనే ఎర్ర పెన్ను పడితే పిల్లలు మళ్ళీ ‘వ్రాయునది ఏమనగా’ లోకి వెళ్ళిపోతారు.

ఇక తల్లిదండ్రులుగా మీరు చేయగలిగింది. ఈసారి పిల్లలు ఏదైనా అడిగితే, ఫోన్ కావచ్చు, టూర్ కావచ్చు, ట్యూషన్ మార్చడం కావచ్చు, ఒక పేజీలో రాసివ్వమనండి. ఏం కావాలి, నేనెందుకు వద్దంటానని నువ్వు అనుకుంటున్నావు, దానికి నీ జవాబేంటి, నీ వంతుగా నువ్వేం చేస్తావు. మీ జవాబు కూడా కాగితం మీదే ఇవ్వండి. అందులో ‘ఎందుకంటే’ తప్పకుండా ఉండాలి. ‘నేను చెప్పాను కాబట్టి’ అన్నది చెల్లదు.

ఇందులో మీకో చిక్కుంది, ముందే చెప్తున్నాను. వాళ్ళు బాగా రాస్తే మీరు ఒప్పుకోవాల్సి వస్తుంది. ప్రతిసారీ కాదు, అప్పుడప్పుడూ. మా స్కూల్లో ఆ బీరువా తెరుచుకుంది పిల్లలు బాగా రాసినందుకు మాత్రమే కాదు. కారణం సరిగ్గా ఉంటే తన మాట మార్చుకోగల హెడ్మాస్టరు అక్కడ ఉన్నారు. ఎంత రాసినా పెద్దవాళ్ళ మాట మారదని ఒకసారి తెలిసిపోతే, ఆ పిల్లలు మళ్ళీ ‘లాభాలు - నష్టాలు’ రాసుకుంటారు. మార్కులు కూడా బాగానే వస్తాయి.

వచ్చే వారం కలుద్దాం.